బూజు కర్ర అందని చోట బల్బు ఎందుకు?

హైదరాబాద్‌లో కొత్త విల్లా గృహప్రవేశానికి వెళ్తే గుమ్మం దాటగానే అందరూ తల పైకెత్తుతారు. హాలు రెండంతస్తుల ఎత్తుంటుంది. ఇరవై అడుగులో, ఇరవై రెండో. అంత ఎత్తు నుంచి ఒక షాండ్లియర్ వేలాడుతుంది. దానికి అటూ ఇటూ రెండు ఫ్యాన్లు, ఫాల్స్ సీలింగ్ అంచు పొడుగునా వరసగా చిన్న చిన్న లైట్లు. "అబ్బ, ఎంత బాగుందో!" అంటారు వచ్చినవాళ్ళు. ఇంటివాళ్ళు మురిసిపోతారు. భోజనాల దగ్గర చదరపు అడుగు ఎంత పడిందని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ పైనున్న బల్బు మాడిపోతే ఎవరు మారుస్తారని మాత్రం ఎవరూ అడగరు. నేను అడుగుతాను. నన్ను గృహప్రవేశాలకు పిలవడం తగ్గించారంటే అందుకే అయ్యుంటుంది.

ఎత్తైన పైకప్పు మీద నాకేం కోపం లేదు. పాడయ్యే వస్తువును చేయి అందని చోట బిగించేసి, దాన్ని కిందికి దించే దారి గానీ మనిషి క్షేమంగా పైకి చేరే దారి గానీ పెట్టకపోవడం మీదే నా గొడవంతా. బల్బు ఏదో ఒక రోజు మాడుతుంది. ఫ్యాను ఏదో ఒక రోజు ఆగుతుంది. ఖాయంగా రాబోయే రిపేరుకు ప్లానులో చోటు లేకపోతే, ఆ భారం చివరికి నిచ్చెనెక్కే కుర్రాడి మీద పడుతుంది. ప్లాను గీసినవాళ్ళు, అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు అందరూ కిందే ఉంటారు.

మేం తెల్లాపూర్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాం. అసోసియేషన్‌లో మెయింటెనెన్స్ చూసే కమిటీలో నేనూ ఉన్నాను. లీకేజీలు, పార్కింగ్ తగాదాలు, కుక్కల గొడవల తర్వాత మాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే: "హాల్లో పైన లైటు పోయింది, ఎవరినైనా పంపిస్తారా?" ఆ ప్రశ్న వెనక చాలా కథ ఉంటుంది. అప్పటికే వాళ్ళు యాప్‌లో మనిషిని బుక్ చేసి ఉంటారు. ఆ అబ్బాయి వచ్చి, హాలు చూసి, ఇంత ఎత్తు పని మా కంపెనీ ఒప్పుకోదని చెప్పి వెళ్ళిపోయి ఉంటాడు. అలా చెప్పినందుకు ఆ అబ్బాయికి ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చినవాళ్ళు మా కమ్యూనిటీలోనే ఉన్నారు. నిజానికి ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన పనులన్నిటిలో తెలివైన పని అతను వెనక్కి వెళ్ళిపోవడమే.

తర్వాత బస్తీ నుంచి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు. అతనికి వెనక్కి పోయే స్తోమత ఉండదు. ఇలా వచ్చిన ఒకతన్ని నేనే ఆపాను. డైనింగ్ టేబుల్‌ను హాలు మధ్యకు జరిపించి, దాని మీద అల్యూమినియం నిచ్చెన నిలబెడుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ?"

"నిచ్చెన పన్నెండు ఫీట్లే ఉంది సార్. టేబుల్ మీద ఏస్తే అందుతది. పక్కింట్ల గూడ గట్లనే చేసిన."

"పడితే?"

"పడం సార్. ఇద్దరు పట్టుకుంటే అయిపోతది."

ఆ ఇద్దరిలో ఒకరు ఇంటి పనమ్మాయి, ఇంకొకరు ఇంటర్ చదివే వాళ్ళబ్బాయి. అతను ధీమాగానే చెప్పాడు, అబద్ధం కూడా చెప్పలేదు. పక్కింట్లో నిజంగానే పని అయిపోయింది. ఇలాంటి పనులు చాలాసార్లు సాఫీగానే అయిపోతాయి. అందుకే ఎవరికీ భయం పుట్టదు.

కాస్త లెక్క చూద్దాం. గోడకు ఆనించే నిచ్చెన అయితే నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున మొదలు దూరంగా పెట్టాలనేది ఎక్కడైనా చెప్పే సూత్రం. పదహారు అడుగుల ఎత్తులో ఆనితే గోడకు నాలుగు అడుగుల దూరంలో నిచ్చెన కాళ్ళుండాలి. కానీ షాండ్లియర్ గోడ దగ్గర ఉండదు, హాలు నడిమధ్యలో ఉంటుంది. అక్కడ ఆనించడానికి గాలి తప్ప ఏమీ లేదు. కాబట్టి తనంతట తాను నిలబడే ఏ-టైపు నిచ్చెన కావాలి. దాని చివరి మెట్ల మీద నిలబడకూడదు, నడుముకు ఆసరా ఉండదు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుంటే ఫ్యాను ఎత్తడానికి ఒక్క చేయే మిగులుతుంది. ఫ్యాను నాలుగైదు కిలోలుంటుంది, పైగా దాన్ని కొక్కేనికి తగిలించి బోల్టు దూర్చాలంటే రెండు చేతులూ తల పైకి లేపాలి. ఎనిమిది అడుగుల స్టూలు మీద కూడా ఇది చిరాకు పనే. పద్దెనిమిది అడుగుల మీద, కింద ఇటాలియన్ మార్బుల్ పెట్టుకుని, ఇది ఇద్దరు పట్టుకుంటే అయిపోయే పని కాదు.

ఇది అందంగా ఉండటానికీ జాగ్రత్తగా ఉండటానికీ మధ్య తగాదా అని చాలామంది అనుకుంటారు. ఎత్తైన ఇల్లు కావాలంటే ఇలాంటివి తప్పవంటారు. నేనొప్పుకోను. ఎత్తైన పైకప్పులు ఈ ఊరికి కొత్త కాదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ స్టేషన్ వచ్చింది 1920లో. అంతకుముందు కట్టిన దేవిడీలు (నవాబుల పెద్ద భవంతులు), బంగళాలు, కచేరీలు ఫ్యాను ఊసే లేకుండా ఎండాకాలాన్ని ఈదాయి. పద్నాలుగు, పదహారు అడుగుల పైకప్పు, దాని కిందుగా రోషన్‌దాన్‌లు (గాలీ వెలుతురూ వచ్చే చిన్న కిటికీలు), మందమైన సున్నపు గోడలు. వేడి గాలి పైకెళ్ళి ఆ రోషన్‌దాన్‌ల నుంచి బయటపడేది, కింద కూర్చున్నవాళ్ళకు చల్లగా ఉండేది. ఆ ఎత్తు ఒక పని చేసేది. ఇప్పటి డబుల్ హైట్ హాల్లో ఆ ఎత్తుకు పని లేదు. పై అంతస్తు దాకా తెరవని అద్దం, అందులోంచి పడమటి ఎండ, వేడి గాలి బయటికి పోయే దారి లేదు. కింద ఏసీ వేసి రెండంతస్తుల గాలిని చల్లబరచడానికి కరెంటు బిల్లు కడతాం. మా వీధిలో చాలామంది ఏప్రిల్, మే నెలల్లో ఆ హాల్లో కూర్చోరు, వెనక బెడ్‌రూంలోకి చేరిపోతారు.

ఇంక దీపాల సంగతి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ ముబారక్ దర్బారు హాలుకు వెళ్ళి చూడండి, బెల్జియం క్రిస్టల్ షాండ్లియర్లు 19 ఉన్నాయి. కరెంటు రాకముందు ఎక్కడ షాండ్లియర్ వేలాడినా అది కొవ్వొత్తులదో నూనెదో అయ్యుండేది. రోజూ వెలిగించాలి, రోజూ ఆర్పాలి, మైనం గీకాలి. రోజూ చేయాల్సిన పని కాబట్టి దాన్ని తాడు మీదో గొలుసు మీదో కిందికి దించే ఏర్పాటు చాలా చోట్ల ఉండేది. రాజమహళ్ళ దాకా ఎందుకు, కార్తీక మాసంలో శివాలయానికి వెళ్ళండి. ధ్వజస్తంభానికి ఆకాశదీపం కడతారు. పూజారిగారు స్తంభం ఎక్కరు. కప్పీ మీది తాడు వదిలి దీపాన్ని కిందికి దించి, నూనె పోసి, వత్తి సరిచేసి, మళ్ళీ పైకి లాగుతారు. ఇందులో పెద్ద ఇంజనీరింగ్ ఏమీ లేదు. దీపం పైన ఉండాలి, మనిషి కింద ఉండాలి అనే ఇంగితం ఉంది. కరెంటు వచ్చాక రోజూ దించాల్సిన అవసరం పోయింది, దాంతోపాటు దించే ఏర్పాటూ పోయింది. ఐదేళ్ళకోసారి అవసరం మాత్రం మిగిలే ఉంది.

ఇప్పుడు ఫ్యాన్లు. నాకు అన్నిటికంటే విసుగు తెప్పించేవి ఇవే. ఇరవై అడుగుల పైకప్పుకు అడుగు రాడ్డుతో బిగించిన ఫ్యాను అలంకారమే తప్ప ఫ్యాను కాదు. అది పైనున్న వేడి గాలిని పైనే కలియబెడుతుంది. సోఫాలో కూర్చున్నవాళ్ళకు గాలి తగలాలంటే రెక్కలు తొమ్మిది, పది అడుగుల ఎత్తుకు దిగాలి. అంటే పది అడుగుల రాడ్డు కావాలి. కోఠి ట్రూప్ బజార్‌లో పొడుగు రాడ్లు దొరుకుతాయి, లేదంటే పైపు కోయించి చేయించుకోవచ్చు. కానీ రాడ్డు పొడుగయ్యే కొద్దీ, రెక్కల బరువులో ఉన్న చిన్న తేడా కింద పెద్ద ఊపు అవుతుంది. ఫ్యాను రెక్కలు బరువు చూసి సెట్టుగా కలిపి ఇస్తారు, ఒకదాని రెక్క తీసి ఇంకోదానికి వేస్తే అది ఊగడం మొదలుపెడుతుంది. పొడుగు రాడ్డు మీద ఆ ఊపు చూస్తే కింద కూర్చోబుద్ధి కాదు. పాత కోర్టు హాళ్ళలో, సర్కారీ ఆఫీసుల్లో పొడుగు రాడ్లకు వేలాడే ఫ్యాన్లు మనం చూసినవే. అవి తిరుగుతుంటే కింద ఫైళ్ళ మీద పేపర్‌వెయిట్లు పెట్టాల్సి వచ్చేది. అందంగా లేవు నిజమే, గాలి మాత్రం ఇచ్చాయి.

ఫ్యాను ఎక్కడ పాడవుతుందో ఒకసారి చూడండి. స్లాబు పోసేటప్పుడు ఇనుప చువ్వతో కట్టి వదిలిన కొక్కెం ఉంటుంది. స్లాబులో నీరు దిగితే అది తుప్పు పడుతుంది. దానికి ఫ్యాను తగిలించే చోట రబ్బరు బుష్ ఉంటుంది, ఏళ్ళు గడిస్తే గట్టిపడి పగులుతుంది. బోల్టు అదురుడుకు వదులవకుండా, నట్టు జారిపోకుండా పట్టుకునేది వేలెడు కూడా లేని స్ప్లిట్ పిన్. ఇవన్నీ పైన రాడ్డు మొదట్లో గిన్నెలా ఉండే మూత, అంటే ఫ్యాను కప్పు, లోపల ఉంటాయి. మామూలు ఇంట్లో దసరాకో సంక్రాంతికో రెక్కలు తుడిచేటప్పుడు ఎవరో ఒకరి చేయి తగులుతుంది, కప్పు కదిలిందని తెలుస్తుంది, కిర్రుమనే చప్పుడు చెవిన పడుతుంది. ఇరవై అడుగుల పైన ఆ తుడవడమే ఉండదు. భోగికి ముందు ఇల్లంతా బూజు దులిపినా ఆ హాల్లో సాలెగూళ్ళు ఏడాది పొడుగునా అలాగే ఉంటాయి, ఎంత పెద్ద బూజు కర్ర అయినా అక్కడికి అందదు. ఎవరూ తాకని చోట ఉన్న ఆ పిన్ను, ఆ బుష్షు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. కింద పిల్లలు ఆడుకుంటుంటారు.

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే చాలాసార్లు కారణం కండెన్సర్. మామూలు సీలింగ్ ఫ్యానుకు రెండున్నర మైక్రోఫారడ్‌ది. వంద రూపాయలు కూడా ఉండదు. చేయి అందితే పది నిమిషాల పని. అందకపోతే పరంజా. కాబట్టి కొత్తగా వైరింగ్ చేయిస్తున్నవాళ్ళకు నా సలహా: ఎర్తు కాక రెండు వైర్లకు బదులు మూడు వైర్లు ఫ్యాను దాకా లాగించండి. ఆ మూడో వైరు ఉంటే కండెన్సర్‌ను పైన కప్పులో కాకుండా కింద స్విచ్‌బోర్డులో పెట్టొచ్చు. మంచి ఎలక్ట్రీషియన్‌కు ఒక్కసారి చెబితే అర్థమవుతుంది. అర్థం కాలేదంటే ఆ పని ఇంకొకరికి ఇవ్వండి.

ఇక్కడ చాలామంది నాతో వాదిస్తారు. "ఇప్పుడంతా బీఎల్‌డీసీ కదండీ, రిమోట్ ఉంటుంది, కరెంటు సగం కూడా కాలదు" అని. నిజమే. బీఎల్‌డీసీ అంటే ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే మోటారున్న ఫ్యాను. పాత ఫ్యాను 70, 80 వాట్లు తీసుకుంటే ఇవి 30 వాట్ల చుట్టుపక్కల తిరుగుతాయి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశాక వీటికి ఊపొచ్చింది కూడా. మా బెడ్‌రూముల్లో నేనూ అవే వేశాను. కానీ బీఎల్‌డీసీ ఫ్యానులో ఎలక్ట్రానిక్ బోర్డు ఫ్యాను లోపలే ఉంటుంది, రిమోట్ సంకేతం అందుకునేదీ లోపలే ఉంటుంది. కరెంటు ఎగుడుదిగుళ్ళకు ముందు దెబ్బతినేది ఆ బోర్డే. ఎనిమిదడుగుల దగ్గర అది సర్వీసు కాల్. ఇరవై అడుగుల దగ్గర అది మళ్ళీ పరంజా. వారంటీ ఉన్నా, పైకెక్కి దించే ఖర్చు వారంటీలో రాదు. చేయి అందని చోట వేయాల్సిందే అంటే, నేను పాత రకం మోటారే వేస్తాను. రెగ్యులేటరు గోడ మీద, కండెన్సరు స్విచ్‌బోర్డులో. పైన రాగి తీగ, ఇనుము, బేరింగులు తప్ప పాడయ్యేదేమీ ఉండదు. నెలకు కొన్ని యూనిట్లు ఎక్కువ కాలితే కాలనీ.

అసలు అంత ఎత్తు హాల్లో సీలింగ్ ఫ్యానే ఎందుకు? గోడకు ఎనిమిదడుగుల ఎత్తున రెండు వాల్ ఫ్యాన్లు పెడితే గాలి మనిషికి తగులుతుంది, స్టూలేసుకుని తుడుచుకోవచ్చు. "హోటల్లా ఉంటుంది" అని మా వదిన ఒప్పుకోలేదు. వాళ్ళ హాల్లో ఇప్పుడు పైన రెండు ఫ్యాన్లున్నాయి, కింద ఒక పెడెస్టల్ ఫ్యాను తిరుగుతోంది.

లైట్ల దగ్గర వాదన వేరేలా నడుస్తుంది. "ఎల్‌ఈడీ పాతికవేల గంటలు వస్తుంది, మన జన్మకు మార్చక్కర్లేదు" అంటారు. పెట్టె మీద అలాగే రాసి ఉంటుంది. రోజుకు ఐదు గంటలు వేస్తే పదమూడేళ్ళు దాటాలి. మరి నాలుగేళ్ళకే ఎందుకు పోతున్నాయి? ఆ గంటల లెక్క వెలిగే చిప్పుది. దానికి కరెంటు సరిచేసి అందించే డ్రైవర్ వేరే ఉంటుంది, అందులోని చిన్న కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. మూసేసిన గాజు గ్లోబులో, ఫాల్స్ సీలింగ్ లోపల, మే నెలలో డబుల్ హైట్ హాలు పైభాగంలో ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి. చాలాసార్లు లైటు బాగానే ఉంటుంది, డ్రైవరే పోతుంది.

అలాంటప్పుడు డ్రైవరు లైటు పక్కనే ఎందుకుండాలి? కోవ్‌లో, అంటే ఫాల్స్ సీలింగ్ అంచు గాడిలో, వేసే స్ట్రిప్పు లైట్ల సంగతే తీసుకోండి. 24 వోల్టుల స్ట్రిప్పు తీసుకుని, దాని డ్రైవరును పై అంతస్తు కారిడార్‌లో చేయి అందే డబ్బాలో పెట్టొచ్చు. వైరు కాస్త లావుది వాడాలి, దూరం మరీ ఎక్కువ కాకుండా చూడాలి, లేకపోతే చివర లైటు మందగిస్తుంది. అంతే. చాలా విల్లాల్లో పై అంతస్తు బాల్కనీ రెయిలింగు ఈ హాల్లోకే తెరుచుకుని ఉంటుంది. లైట్లన్నీ ఆ రెయిలింగు దగ్గర నిలబడి అందుకునే చోట పెట్టినా హాలు వెలుగుతుంది. పక్క గోడల మీద తొమ్మిదడుగుల ఎత్తులో వాల్ లైట్లు పెట్టి, వెలుగును పైకి కొట్టించినా ఆ ఎత్తు కనబడుతుంది, ఇంకా బాగా కనబడుతుంది. నడిమధ్యలో వేలాడాల్సిందేనని పట్టుబట్టేది డిజైనర్ గీసిన త్రీడీ బొమ్మ ఒక్కటే.

హోల్డరు కూడా చూసి తీసుకోండి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది నొక్కి తిప్పే పిన్ను బల్బు, బీ22. పొడుగు కర్ర చివర రబ్బరు కప్పు ఉన్న బల్బు మార్చే పోల్ ఒకటి దొరుకుతుంది. దాంతో మర రకం బల్బు, ఈ27, కింద నిలబడే తిప్పి తీయొచ్చు. పిన్ను బల్బుకు పైకి నొక్కుతూ తిప్పాలి, పద్దెనిమిది అడుగుల కర్ర చివర ఆ నొక్కుడు కుదిరి చావదు. బల్బు కిందికి చూస్తూ, పైన మూత లేకుండా ఉంటేనే ఇదంతా. షాండ్లియర్‌లో కొవ్వొత్తి ఆకారం బల్బులు పైకి నిలబడి ఉంటాయి. వాటికి ఏ కర్రా పనికిరాదు.

షాండ్లియర్ వద్దని నేను చెబితే ఎవరూ వినరని తెలుసు. సరే, పెట్టుకోండి, దించే ఏర్పాటుతో పెట్టుకోండి. రిమోట్‌తో కిందికి దిగే మోటారు లిఫ్టులు వస్తున్నాయి. చాలా మోడళ్ళలో లైటు కిందికి దిగగానే దానికి కరెంటు తెగిపోతుంది కాబట్టి తుడవడం, బల్బు మార్చడం నిర్భయంగా చేసుకోవచ్చు. కొనేటప్పుడు అది మోసే బరువు చూడాలి, షాండ్లియర్ బరువు కంటే బాగా ఎక్కువుండాలి. ఇందులోనూ ఒక తిరకాసుంది. ఆ మోటారు కూడా పైకప్పులోనే కూర్చుంటుంది, అది పాడైతే ఎవరెక్కాలి? పైన టెర్రస్ ఉంటే అక్కణ్ణుంచి తెరిచే మూత పెట్టించాలి. నన్నడిగితే చేత్తో తిప్పే వించి (తాడు చుట్టే గిలక) ఇంకా మేలు. పైన కప్పీలు, గోడ లోపల పైపులోంచి స్టీలు తాడు, నడుము ఎత్తున అల్మారాలో హ్యాండిల్. రాణీగంజ్‌లో వెతికితే ఇందులో దొరకని సామాను లేదు. ఇదంతా స్లాబు పోయకముందు చెబితే చిన్న ఖర్చు. ఇంటీరియర్ అంతా అయ్యాక చెబితే మిస్త్రీ మొహం అదోలా పెడతాడు.

ఇప్పటికే కట్టేసిన ఇళ్ళు? మాలాంటి వాళ్ళందరం ఆ బాపతే. అక్కడ పరంజా తప్ప మార్గం లేదు. బయట మేస్త్రీలు కట్టే గోవ కర్రలు హాల్లో పనికిరావు. హెచ్-ఫ్రేములు బిగించి, కింద బ్రేకులున్న చక్రాలు పెట్టిన టవరు కావాలి. టవరు ఎత్తు దాని అడుగు భాగంలో చిన్న వైపు వెడల్పుకు మూడు రెట్లు దాటకూడదనేది పాటించాల్సిన లెక్క. ఇరవై అడుగుల పైకప్పుకు మనిషి పధ్నాలుగు, పదిహేను అడుగుల మీద నిలబడితే చాలు కాబట్టి అడుగున ఐదడుగులు ఉండాలి. సందు లేదని సన్న టవరు తెస్తే పక్కకు కాళ్ళు వేయించాలి. పైన పలక చుట్టూ కటకటాలుండాలి. మనిషి పైన ఉండగా టవరును తోయకూడదు. కిందికి దిగి మళ్ళీ ఎక్కడానికి బద్ధకించి "జర ముందుకు దొబ్బున్రి అన్నా" అనడం నేను విన్నాను. ఆ మాట వినబడగానే పని ఆపించేయండి.

ఇంకో సంగతి, హైదరాబాద్ ఇళ్ళకు మరీ ముఖ్యం. మెయిన్ ఆపేశాం కదా అని పైకి పంపిస్తారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటుంది. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని అది తన పని తాను చేస్తుంది, హాలు లైట్లకూ ఫ్యాన్లకూ బ్యాటరీ నుంచి 230 వోల్టులు పంపిస్తుంది. కాబట్టి ఇన్వర్టర్ అవుట్‌పుట్ కూడా ఆపాలి, ఆ తర్వాత పైన టెస్టరుతో చూడాలి. గోడ మీది స్విచ్చు ఒక్కటే ఆపితే అసలే చాలదు, కొన్ని ఇళ్ళలో స్విచ్చును ఫేజులో (కరెంటు వచ్చే వైరులో) కాక న్యూట్రల్‌లో (తిరిగి వెళ్ళే వైరులో) బిగించి ఉంటారు. లైటు ఆరుతుంది, హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. కింద నిలబడి ఉంటే అది చిన్న షాక్. చేయి విదిలించుకుని తిట్టుకుంటాం. పైన ఉన్నవాడు చేయి విదిలిస్తే పడేది నిచ్చెన మీంచి.

"ఇంత హడావుడి దేనికి, ఐదొందలిస్తే ఎక్కేవాళ్ళున్నారు" అనేవాళ్ళకు నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. ఎక్కేవాళ్ళున్నారు, నిజమే. 1996లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న భవన నిర్మాణ కార్మికుల చట్టం కూడా, పది లక్షల లోపు ఖర్చుతో సొంత నివాసానికి పని చేయించుకునే వ్యక్తిని తన లెక్కలోంచి మినహాయించింది. పెద్ద సైటులో హెల్మెట్ లేకపోతే అడగడానికి సేఫ్టీ ఆఫీసర్ ఉంటాడు. మన హాల్లో అడిగేవాడు లేడు, అడగాల్సింది మనమే. పడినవాడికి పీఎఫ్ ఉండదు, బీమా ఉండదు, ఆస్పత్రి దాకా మన కారులో తీసుకెళ్ళడమే మన పూచీ అనుకుంటాం. పరంజా అద్దె ఫ్యాను ఖరీదు కంటే ఎక్కువైందని బాధపడే ముందు, ఆ తేడాను ఇన్నాళ్ళూ ఎవరు భరిస్తున్నారో చూడాలి.

పరంజా వేయించిన రోజున ఒక్క బల్బు మార్చి దించేయకండి. పైన ఎన్ని లైట్లుంటే అన్నీ ఒకేసారి మార్చండి, బాగున్నవి కింద బెడ్‌రూముల్లో వాడుకోవచ్చు. ఫ్యాను బుష్షు, బోల్టు, పిన్ను కొత్తవి వేయించండి. కొక్కెం తుప్పు పట్టిందేమో ఫోటో తీయించండి. వీలైతే ఫ్యానుకూ షాండ్లియర్‌కూ విడిగా స్టీలు తాడొకటి స్లాబుకు కట్టించండి, అసలుది తెగినా అది పట్టుకుంటుంది. ఫ్యాను బరువు ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డు మీద కాక స్లాబు మీదే ఉందో లేదో చూడమనండి, నేను చూసిన ఒకచోట లేదు. పెయింటు పని ఉంటే అదీ అప్పుడే. సాలెగూళ్ళు కూడా.

మా కమ్యూనిటీలో ఇంటికో పరంజా అద్దెకు తెచ్చుకోవడం మానేసి, అందరికీ కలిపి ఒక టవరు, రెండు హార్నెస్‌లు (పడకుండా ఒంటికి కట్టుకునే బెల్టులు) కొందామని ప్రతిపాదించాను. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. "మా హాలు మామూలు ఎత్తే, మేమెందుకు కట్టాలి?" అన్నారు కొందరు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది కాబట్టి, వాడుకునేవాళ్ళు రోజుకింత అని కట్టేలా మార్చాం. టవరు వచ్చింది, బేస్‌మెంట్‌లో ఉంటుంది, ముందుగా పేరు రాయించుకోవాలి.

క్లబ్‌హౌస్ షాండ్లియర్ సంగతి ఇంకా తేలలేదు. బిల్డరు వదిలి వెళ్ళిన ఆ గాజు గుట్టలో సగం బల్బులు వెలగడం లేదు. మళ్ళీ బల్బులు వేయిద్దామని ఒక వర్గం, లిఫ్టు మోటారు పెట్టిద్దామని ఇంకో వర్గం, కొటేషన్లు రెండూ టేబుల్ మీదున్నాయి. దాన్ని దించేసి గోడల మీద లైట్లు పెట్టడానికి నేను మూడోది తెప్పించాను, మూడింటిలో అదే చవక. వచ్చే జనరల్ బాడీలో ఓటింగ్ ఉంది. మా వీధివాళ్ళు ఇది చదువుతుంటే, ఆ రోజు ప్రాక్సీ పంపకుండా మీరే రండి.